నువ్వు ఫోటోలు తీసే కొండ మన పెన్నదేరా

రేయ్ ఎట్టుండావు,

మొన్న నంది హిల్స్ నుంచి సూర్యోదయం ఫోటోలు పంపావు గదా, ఆ కొండల్లోనే మన పెన్న పుట్టిందని నీకు తెలుసా? నెల్లూరు రంగనాయకుల గుడి దగ్గర ఇసకలో చీకటి పడేదాకా ఆడుకున్నామే ఆ ఏరే, 597 కిలోమీటర్లు నడిచి మన ఊరి పక్కనే సముద్రంలో కలుస్తాది.

పెన్న ఒక్కటే కాదు, చిత్రావతి, పాపాఘ్ని కూడా ఆ ప్రాంతంలోనే పుట్టాయి. పెన్నేమో గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు దిగి, ఉత్తరానికి పోయి పోయి, తూర్పుకు మళ్ళి తాడిపత్రి దాటతాది. చిత్రావతి పుట్టపర్తి మీదుగా వస్తాది, పాపాఘ్ని వేంపల్లె కాడ గండిలో కొండను చీల్చుకుని వస్తాది. ఒకింట్లో పుట్టి తలో దిక్కూ పోయిన పిల్లలు మళ్ళీ కడప జిల్లాలో పెన్నను కలుసుకుంటారు, పాపాఘ్ని అయితే కమలాపురం దగ్గర. మ్యాప్ మీద వేలు పెట్టి చూసుకుంటా పోతే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయిరా.

గండికోట పోయినప్పుడు కోట అంచున కూర్చుని చాలాసేపు లేవలేదు. మన ఊర్లో ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు నడిస్తే కాళ్ళు పీకే ఏరు, అక్కడ రెండు ఎర్రటి రాతి గోడల మధ్య ఎక్కడో కింద సన్నగా కనిపిస్తా ఉండాది, ఆ కొండను కోసింది ఈ నీళ్ళేనంటే నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే పైన అనంతపురంలో వానలే తక్కువ, ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ పెన్నంటే ఇసకే.

కానీ కార్తీకంలో తుఫాను పట్టిందంటే అంతే. 2021 నవంబర్ గుర్తుందా? చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట కొట్టుకుపోయింది, రాజంపేట వైపు ఊర్లు మునిగిపోయి ఎంతమంది పోయారో, ఆ నీళ్ళన్నీ పెన్నలోకే గదా, సోమశిల డ్యామ్ గేట్లెత్తితే మన పక్క పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతినింది, హైవే తెగింది. ఆ రాత్రి మేమెవరం నిద్రపోలా.

సోమశిలలో ఆగే నీళ్ళు కూడా అన్నీ పెన్నవే కాదురా, శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు కుందూ ఏటి మీదుగా వచ్చి కలుస్తాయి, ఆడ్నుంచి కండలేరు డ్యామ్‌కు, మద్రాసు దాకా పోతాయి. మన కోవూరు పొలాల్లో వరి పచ్చగా ఉందంటే ఎన్ని కొండల నీళ్ళో చూడు.

సంక్రాంతికి తప్పకుండా రా. బండి మీద ఊటుకూరు పోదాం, పెన్న సముద్రంలో కలిసేకాడికి. ఇన్నేళ్ళు ఇక్కడే ఉండి మనిద్దరం ఒక్కసారి కూడా పోలేదు. అమ్మ నిన్ను అడగతా ఉండాది, చేపల పులుసు చేస్తానంది.