ఆ బీరువా తాళం తీయించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్లు ప్రాథమిక బడిలో పాఠాలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మాది కృష్ణ ఒడ్డున కొల్లూరు దగ్గర పల్లెటూరు. నాలాంటివాళ్ల దగ్గర్నుంచి మీకు బదిలీలు, పీఆర్సీ, డీఏ బకాయిల అర్జీలే ఎక్కువ వస్తుంటాయి. ఇది అలాంటిది కాదు. బడిలో హెడ్మాస్టరు కుర్చీ వెనక ఉండే ఇనప బీరువా గురించి, వేసవి సెలవుల్లోనూ అందులోనే ఉండిపోయే పిల్లల పుస్తకాల గురించి.

ఏప్రిల్ 23తో బడి మూస్తాం, జూన్ 12న తెరుస్తాం. మధ్యలో 49 రోజులు. పెద్ద పిల్లలకు ఫరవాలేదు, ఆడుకోనివ్వండి. అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుంటున్న ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల సంగతి వేరు. ఓ ఏడాది మా రెండో తరగతి పిల్లాడు ఏప్రిల్‌లో నక్క, ద్రాక్షపళ్ల కథ ఎక్కడా ఆగకుండా చదివి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లాడు. జూన్‌లో అదే పేజీ ముందు పెడితే ‘నక్క’ దాటాడు. ‘ద్రాక్ష’ దగ్గర వేలు ఆగిపోయింది. ‘ద... దా...’ అంటూ నా మొహంలోకి చూశాడు. గుణింతాలు మిగిలాయి, క్రావడీ క్షకారమూ పోయాయి. ముందు పోయేవి వత్తులే. చిన్న తరగతులకు చెప్పే ఏ టీచరమ్మనడిగినా ఇదే చెబుతుంది.

వాణ్ణి మళ్లీ ఏప్రిల్ దగ్గరికి లాక్కొచ్చేసరికి జులై అయిపోయింది. అంటే ఏటా రెండు నెలలు వెనక్కి నడిచి, మళ్లీ మొదలెడుతున్నాం. పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠాన్ని చదవగలిగింది 44.8 శాతమే. ఇదంతా సెలవుల వల్లేనని అనను. కానీ సెలవుల వాటా ఎంతో కొంత లేకపోలేదు.

ఇంటి దగ్గర చదువుకోమని చెప్పి పంపిస్తాం కదా, ఏం చదవాలి? మా లంక ఊళ్ల ఇళ్లలో అచ్చు కాగితమంటే క్యాలెండరు, పెళ్లిపత్రికలు, పురుగుమందు డబ్బా మీది లేబులు. బడిలో మాత్రం పుస్తకాలున్నాయి. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద గ్రంథాలయ గ్రాంటు వస్తుంది, ప్రాథమిక బడికి ఏడాదికి రూ.5,000 దాకా. పేజీకి రెండు వాక్యాలు, మిగతాదంతా బొమ్మ ఉండే పుస్తకాలు తెలుగులో బోలెడొచ్చాయి. నేషనల్ బుక్ ట్రస్టువి, ప్రథమ్ బుక్స్‌వి, మంచి పుస్తకం వాళ్లవి. అవన్నీ కలరా ఉండల వాసనతో బీరువాలోనే ఉంటాయి. ఇంకా పేజీలు విడదీయని పుస్తకాలకు కూడా స్టాక్ నంబరు మాత్రం పక్కాగా వేసుంటుంది.

ఎందుకంటారా? నా సంగతే చెబుతాను. హెడ్మాస్టరైన కొత్తల్లో పిల్లలకు ఇళ్లకు ఇచ్చాను. తర్వాత తనిఖీకొచ్చిన అధికారి రిజిస్టరు ముందేసుకుని లెక్కపెడితే పదకొండు తగ్గాయి. మెమో, సంజాయిషీ, చివరికి నా జేబులోంచి డబ్బు. మొత్తం పెద్దదేమీ కాదు గానీ పదిమందిలో దొంగలా నిలబడ్డాను. ఆ తర్వాత ఆరేళ్లు తాళం నా మొలతాడుకే ఉందనుకోండి. తప్పు నాదే, కాదనను. అలాంటి తాళాలు రాష్ట్రంలో ఇంకా చాలా ఉన్నాయని మాత్రం నాకు తెలుసు.

రిటైర్మెంటు దగ్గరపడ్డాక మెమో భయం పోయింది. ఆఖరి వేసవిలో 43 మందికీ తలా రెండు పుస్తకాలు గుడ్డసంచిలో పెట్టి ఇచ్చాను. 86 వెళితే 75 తిరిగొచ్చాయి. రెండింటికి అట్టల్లేవు, ఒకదాని నిండా మామిడి రసం. ఇంకో పుస్తకం అసలు మా బడిదే కాదు. అమ్మమ్మ ఊరెళ్లిన పిల్ల అక్కడ మేనమామ కూతురితో మార్చుకుని తెచ్చింది. దాన్ని రిజిస్టరులో ఏ కాలమ్‌లో రాయాలో నాకు ఇప్పటికీ తెలీదు. అందరూ చదివారని అబద్ధం చెప్పను, కొందరు సంచి ముడి కూడా విప్పలేదు. కానీ ఒకడు గడగడా చదివేస్తుంటే, చదువుతున్నాడా అప్పజెబుతున్నాడా అని అనుమానమొచ్చి మధ్యలో వేరే పేజీ తీశాను. ఆగి, వేలు పెట్టి, ‘చంద్రుడు’ అన్నాడు. క్రావడి బతికే ఉంది.

అందుకే నేనడిగేది డబ్బు ఖర్చయ్యే పని కాదు. ఒక్క ఉత్తర్వు. సెలవులకు పిల్లల చేతికిచ్చిన పుస్తకాల్లో పోయినవీ చిరిగినవీ, పది పదిహేను శాతం దాకా, హెడ్మాస్టరు సంతకంతో రిజిస్టరులోంచి కొట్టేయొచ్చని, రికవరీ ఉండదని. ఏప్రిల్ 20 లోపు బళ్లకు చేరేలా. దయచేసి దానికి యాప్ పెట్టకండి సార్. పిల్లాడు చదువుతున్న ఫొటో రోజూ అప్‌లోడ్ చేయమంటే ఫొటోలే వస్తాయి. జూన్‌లో పరీక్షా వద్దు, హోంవర్కూ వద్దు.

శాఖా గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతున్నాయి, మంచిదే. మా ఊరి నుంచి గ్రంథాలయానికి నాలుగు కిలోమీటర్లు. మే నెల ఎండలో ఏడేళ్ల పిల్ల నడవలేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మేమూ కడుతున్నాం, అందులో గ్రంథాలయాలకు చేరని బకాయిల సంగతి కూడా ఓసారి చూడండి.

మా కాలువ మీదే 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవ గ్రంథాలయం నడిపించారు. నీళ్ల మీద పుస్తకాలు! ఎన్ని తడిశాయో, ఎన్ని తిరిగి రాలేదో. ఆయన్ని మాత్రం ఎవరూ సంజాయిషీ అడిగి ఉండరు.

మా బడి బీరువాకు రెండు తాళంచెవులు. ఒకటి నా తర్వాత హెడ్మాస్టరుగా వచ్చిన అమ్మాయి దగ్గరుంది. రెండోది టేబులు సొరుగులో సుద్దముక్కల డబ్బాలో వేసి వచ్చాను. మొన్న ఆ అమ్మాయి కనిపిస్తే, ఈసారి పుస్తకాలు ఇస్తున్నావామ్మా అని అడిగాను. “ఇవ్వాలనే ఉంది మాస్టారూ, రేపు లెక్క తగ్గితే నా తరఫున ఎవరు మాట్లాడతారు?” అంది. మీ ఉత్తర్వు వస్తే కాపీ ఆమెకు నేనే తీసుకెళ్లి ఇస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు