మిగ్-21 చక్రాల గూట్లోకి ఒకసారి తొంగి చూడు

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం చదివాక భలే సంతోషమేసింది. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న 1/48 మిగ్-21 బిస్ ప్లాస్టిక్ మోడల్ కిట్ (ఆ సోవియట్ యుద్ధ విమానం తర్వాతి రకాల్లో ఒకటి, అసలులో 48వ వంతు సైజు) మొదలుపెట్టేశావన్నమాట! ఫ్యూజిలేజ్ (విమానం ఒళ్లు) సగాలు రెండూ ఇంకా అతికించలేదని రాశావు కదా, మంచి పని చేశావు. ఇంకొన్నాళ్లు అలాగే విడిగా ఉంచు. ఈ ఉత్తరం మొత్తం చదివాకే జిగురు సీసా మూత తియ్యి.

రెజిన్ సెట్లు (పోతపోసిన అదనపు భాగాలు), ఫొటో ఎచ్ రేకులు (రసాయనంతో చెక్కిన సన్నటి లోహపు భాగాలు) కొనుక్కోవాలా, చేత్తోనే చేసుకోవాలా అని అడిగావు. కాక్‌పిట్‌లో మీటర్లుండే ప్యానెల్‌కి ఫొటో ఎచ్ కొనుక్కో. ఆ సైజులో అంకెలూ ముళ్లూ చేత్తో వెయ్యడం నిజంగా కష్టం, అచ్చేసి వచ్చినవి చక్కగా ఉంటాయి. చక్రాల గూళ్లు, అంటే ముడుచుకున్న చక్రాలు దూరే గుంతలు మాత్రం నువ్వే చెయ్యి. ఎచ్ చేసిన ఇత్తడి రేకు ఎంత బాగున్నా చదునుగానే ఉంటుంది. గూట్లో ఉండేవేమో గొట్టాలు, కేబుళ్లు, సిలిండర్లు. అన్నీ గుండ్రటివే. వాటికి తీగే సరైన వస్తువు, రేకు కాదు. పైగా ఆ గూడు నువ్వే కడితే విమానం ఎలా పనిచేస్తుందో నీకు అర్థమవుతుంది. స్క్రాచ్ బిల్డింగ్ (భాగాలు కొనకుండా చేత్తో చేసుకోవడం) అంటే నాకు ఇంత ఇష్టం ఎందుకో అడిగితే నేను చెప్పేది అదే.

ముందు ఆ గేర్ (చక్రాలూ, వాటిని మోసే కాళ్లూ) ఎలా ముడుచుకుంటుందో చూడు. మిగ్-21 రెక్క చాలా పల్చన. అంత పల్చటి రెక్కలో లావుపాటి చక్రం పట్టదు. అందుకని కాలు మాత్రం రెక్కలోకి పడుకుంటుంది, చక్రం తిరిగి ఫ్యూజిలేజ్ పక్కల్లో నిలువుగా దూరుతుంది. తర్వాతి రకాల్లో చక్రం పెద్దదైంది, 800 మిల్లీమీటర్ల టైరు. అది పట్టడానికే రెక్క మొదట్లో, ఒంటికి రెండు పక్కలా ఆ ఉబ్బులు వచ్చాయి. కిట్ పెట్టె తెరవగానే ఆ ఉబ్బులు చూసి అవేంటా అనుకునుంటావు. వాటి వెనక ఉన్నది చక్రమే. మన స్కేల్లో ఆ టైరు 16.7 మిల్లీమీటర్లు. కిట్లో టైరుని కొలిచి చూసుకో.

ముందు చక్రమైతే ముందుకి ముడుచుకుంటుంది. ముక్కులోంచి వచ్చిన గాలి రెండు పాయలుగా చీలి కాక్‌పిట్‌కి అటూ ఇటూ పోతుంది. ఆ విమానంలో ఎటు చూసినా గాలి దారో, ఇంధనం ట్యాంకో, ఇంజనో ఉంటుంది తప్ప ఖాళీ చోటు దొరకదు. కాబట్టి పైపులూ కేబుళ్లూ గూళ్లలోంచి ఇరుక్కుని పోతుంటాయి. గూడు అంత కిక్కిరిసి కనబడటానికి కారణం అదే.

ఇప్పుడు అసలు మాట. ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో నీకు తెలియని గొట్టం ఒక్కటి కూడా పెట్టకు. చాలామంది గూడు నింపాలని నాలుగు తీగలు వంకరగా తిప్పి అతికించేస్తారు. దూరం నుంచి బాగానే ఉంటుంది. దగ్గరికెళ్తే ఒక తీగ గోడ మధ్యలో పుట్టి గాలిలో ఆగిపోతుంది. విమానాల గురించి ఏమీ తెలియనివాళ్లకి కూడా అక్కడ ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేరు అంతే. అదే ఒక గొట్టం గోడలోంచి బయటికొచ్చి, మూల దగ్గర వంగి, రెండు క్లాంపులకి ఆనుకుని, సిలిండర్‌కి తగులుకుందనుకో, గూట్లో ఇంకేం లేకపోయినా సరే, అది నిజంగా కనబడుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. మిగ్-21లో చక్రాల బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, హైడ్రాలిక్ ద్రవంతో కాదు. పైలట్ చేతిలోని స్టిక్ మీద ఒక సన్నటి లీవర్ ఉంటుంది, సైకిల్ బ్రేకులాగా దాన్ని నొక్కాలి. గేర్ ముడుచుకోవడం మాత్రం హైడ్రాలిక్స్ పని. అంటే కాలి వెంట చక్రం దాకా దిగే గొట్టం గాలి గొట్టం. కాలు ముడుచుకున్నప్పుడు అది కూడా వంగాలి కాబట్టి కీళ్ల దగ్గర కొంచెం వదులుగా, వంపు తిరిగి ఉంటుంది. ఈ సంగతి తెలిశాక ఆ తీగని నువ్వు బిగుతుగా అతికించలేవు, చెయ్యి దానంతటదే వంపు వదులుతుంది. కాక్‌పిట్‌లో స్టిక్‌కి సన్నటి రాగి పోగుతో ఆ లీవర్ కూడా పెట్టు. గూట్లో గొట్టానికీ కాక్‌పిట్‌లో లీవర్‌కీ సంబంధం ఉందని చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. నీకు తెలిస్తే చాలు.

ఫొటోల విషయంలో జాగ్రత్తగా ఉండు. మిగ్-21లో రకాలు చాలా ఉన్నాయి, ఒకదాని ఫొటో చూసి ఇంకోదానికి పనిచేస్తే పొరపాటు వస్తుంది. ముక్కు దగ్గరుండే పొడవాటి పిటోట్ బూమ్ (విమానం వేగం కొలిచే గొట్టం) చూడు: ముందు రకాల్లో ఒకటైన ఎఫ్-13లో అది ముక్కు కిందుంటుంది, బిస్‌లో పైనుంటుంది. ఎఫ్-13 కానోపీ (కాక్‌పిట్ మీది పారదర్శకమైన మూత) ముందువైపు కీలు మీద లేస్తుంది, బిస్‌లో ముందు అద్దం విడిగా ఉండి కానోపీ కుడి పక్కకి తెరుచుకుంటుంది. బయటే ఇంత తేడా ఉంటే లోపల ఇంకెంత ఉంటుందో ఊహించుకో. మ్యూజియంలో నిలబెట్టిన విమానాలనీ గుడ్డిగా నమ్మకు. చాలావాటిలో లోపలి సామాను తీసేసి ఉంటారు, గొట్టాలూ గోడలూ అన్నిటి మీదా కలిపి ఒకే రంగు కొట్టేసి ఉంటారు. ఎగిరే రోజుల్లో, రిపేరు చేస్తుండగా తీసిన ఫొటో ఒక్కటి దొరికినా అదే బంగారం.

కొలతల సంగతి. చెయ్యి వెయ్యకముందు కాలిక్యులేటర్ పక్కన పెట్టుకో. అసలు కొలతని 48తో భాగించు, అంతే. 10 మిల్లీమీటర్ల పైపు 0.21 అవుతుంది. 25 మిల్లీమీటర్ల లావు గొట్టం 0.52. దీన్ని తిరగేసి కూడా చెయ్యాలి. కిట్లో గేర్ తలుపు మందం ఒక మిల్లీమీటరు ఉందనుకో, అసలు విమానంలో అది 48 మిల్లీమీటర్ల మందపు తలుపన్నమాట. అంత బండ తలుపు ఏ విమానానికీ ఉండదు. అందుకే గొట్టాల కన్నా ముందు తలుపుల అంచులు పల్చన చెయ్యి. మొత్తం తలుపు అరగదియ్యక్కర్లేదు, లోపలి వైపు నుంచి అంచుని వాలుగా గీకితే చాలు, కంటికి పల్చగా కనిపిస్తుంది. రెక్క వెనక అంచు, నాజిల్ (ఇంజన్ వెనక మూతి) రెక్కల అంచులు కూడా ఇలాగే. ఇందులో కొత్తగా అతికించేది ఏమీ లేదు, అయినా మోడల్ రూపురేఖలు దీనివల్ల మారినంతగా వేరే ఏ పనివల్లా మారవని నా నమ్మకం.

భాగించాక 0.1 కన్నా తక్కువ వస్తే దాన్ని చెయ్యకు. రంగుతోనో సన్నటి పెన్సిల్ గీతతోనో సూచిస్తే సరిపోతుంది. లావుగా వచ్చిన వివరం కన్నా లేని వివరం నయం.

సామాను గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. తెల్లటి ప్లాస్టిక్ షీట్ 0.13, 0.25, 0.5 మిల్లీమీటర్ల మందాల్లో ఉంచుకో. పాత కరెంటు వైరు ఒలిస్తే సన్నటి రాగి పోగులు బోలెడన్ని వస్తాయి. వంపులు ఎక్కువుండే గొట్టాలకి సీసపు తీగ మంచిది, వంచినచోట అలాగే నిలబడుతుంది, వెనక్కి లేవదు. సీసం పట్టుకున్నాక చేతులు కడుక్కోవడం మాత్రం మరిచిపోకు, ఆ చేత్తో ఏమీ తినకు.

ఇక స్ప్రూ సాగదీయడం. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. కిట్లో భాగాలు తీసేశాక మిగిలే ఆ కాడలే. ఒక ముక్కని కొవ్వొత్తి మంటకి కొంచెం పైన, తగలకుండా, తిప్పుతూ పట్టుకో. మధ్యలో మెరిసి, మెత్తబడి, కిందికి వాలడం మొదలవగానే మంట మీంచి పక్కకి తీసి లాగు. గబుక్కున లాగితే వెంట్రుకంత సన్నగా వస్తుంది, నిదానంగా లాగితే లావుగా వస్తుంది. లాగాక వదిలేయకుండా చల్లారేదాకా బిగువుగా పట్టుకుంటే తిన్నగా నిలుస్తుంది. ఇంకో విశేషం: కాడ బదులు బోలు ప్లాస్టిక్ గొట్టం సాగదీస్తే అది సన్నబడినా లోపలి రంధ్రం పూడిపోదు. ఎంత చిన్న గొట్టం కావాలన్నా నోరు తెరిచే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఎంత ఆశ్చర్యమేసిందో! పారదర్శకంగా ఉండే స్ప్రూ ముక్కలు కూడా దాచుకో, రెక్క చివరి లైట్లకి పనికొస్తాయి. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ.

బిస్ పొట్ట కింద జీఎష్-23 గన్ ఉంటుంది కదా, జంట గొట్టాలది. కిట్లో వాటి చివర్లు మూసుకుపోయి మొండిగా ఉంటాయి. గుండు వ్యాసం 23 మిల్లీమీటర్లు, మన స్కేల్లో 0.48. ఇప్పుడు విను, 21 గేజ్ ఇంజెక్షన్ సూది లోపలి రంధ్రం దాదాపు 0.51! అచ్చం దానికోసమే చేసినట్టు సరిపోతుంది. వాడని కొత్త సూదే తీసుకో. దాన్ని కట్టర్‌తో నొక్కి కోస్తే గొట్టం చప్పిడైపోతుంది. బల్ల మీద దొర్లిస్తూ సన్న ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి, తర్వాత విరువు. మొన దగ్గరి ముక్కని అన్నిటికన్నా ముందు తీసి పారెయ్యి, కళ్లకి అద్దాలు పెట్టుకో. పిటోట్ బూమ్ కూడా సూదులతోనే చెయ్యొచ్చు, లావు సూదిలోకి సన్న సూది దూర్చి. బూమ్ మీదుండే చిట్టి రెక్కలకి 0.13 షీటు వాడు. ఇది అన్నిటికన్నా చివర్లో అతికించు, లేకపోతే పని చేస్తున్నంతసేపూ చెయ్యి దానికే తగులుతుంది.

గూడు కట్టే వరస నేనైతే ఇలా పెట్టుకుంటాను. ముందు గోడలకి పక్కటెముకల్లాంటి పట్టీలు, 0.25 షీటు సన్నగా కోసి. వాటికి పల్చటి ప్లాస్టిక్ సిమెంటే వాడాలి, బ్రష్ కొస అంచుకి తాకిస్తే చాలు, సందులోకి అదే పాకుతుంది. అది ప్లాస్టిక్‌ని కరిగించి కలుపుతుంది కాబట్టి ఎక్కువైతే పల్చటి పట్టీ మెత్తబడి వంగిపోతుంది. తర్వాత పెట్టెలు, సిలిండర్లు. అక్కడ ఆగి, ఫ్యూజిలేజ్ సగాలు జిగురు లేకుండా కలిపి, చక్రం పడుతుందో లేదో, సగాలు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో చూడు. అన్నీ సరిపోయాక మూల రంగు వేసి, అప్పుడు గొట్టాలు పెట్టు. లావువి ముందు, సన్నవి తర్వాత. గొట్టాలకి వేరేగా రంగులేసి తెచ్చి పెడితే గోడ రంగు పాడవదు. లోహపు తీగని ప్లాస్టిక్ సిమెంట్ పట్టుకోదు, దానికి సూపర్ గ్లూ కావాలి. సూది మొనతో ఒక్క చుక్క తాకించు.

క్లాంపులు మరచిపోకు. అసలు విమానంలో ఏ గొట్టమూ ఊరికే వేలాడదు, అదురుకి విరిగిపోతుంది. కొద్ది దూరానికోసారి పట్టీ వేసి గోడకి బిగిస్తారు. అల్యూమినియం ఫాయిల్ సన్నటి చీలికలుగా కోసి గొట్టానికి చుట్టి, చివర్లు గోడకి అతికించు. గొట్టం పెట్టడం కన్నా దీనికే ఎక్కువసేపు పడుతుంది. పట్టనీ. చివర్లో పల్చటి ముదురు వాష్ (నీళ్లలా పల్చన చేసిన రంగు) పోస్తే సందుల్లో నీడ నిలుస్తుంది, అప్పుడు చూడు ఆ గూడు ఎంత లోతుగా కనబడుతుందో.

కాక్‌పిట్ గురించి రెండే ముక్కలు. లోపలి రంగు ఆ నీలం కలిసిన ఆకుపచ్చ, సోవియట్ విమానాల గుర్తు. ప్యానెల్ మధ్యలో నిలువుగా ఒక తెల్ల గీత ఉంటుంది, దాన్ని వదిలెయ్యకు. విమానం స్పిన్‌లో పడితే, అంటే అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ కిందికి పడుతుంటే, స్టిక్‌ని మధ్యకి తేవడానికి పైలట్‌కి గురి అదే. కంగారులో, ఒళ్లంతా గిర్రున తిరుగుతున్నప్పుడు చూసుకోవడానికి వేసిన గీత అని తెలిస్తే, దాన్ని వెయ్యడానికి బ్రష్ పట్టుకున్నప్పుడు చెయ్యి తప్పకుండా కుదురుగా ఉంటుంది. సీటు బెల్టులకి మాస్కింగ్ టేప్ చాలు. బెల్టు వెడల్పు మిల్లీమీటరు దాటనివ్వకు.

మోడల్‌ని తిరగేసి చూసేవాళ్లెవరుంటారని నువ్వు అన్నావు. నువ్వుంటావు. నేనూ ఉంటాను, వచ్చినప్పుడు మొట్టమొదట తిరగేసేది నేనే.

గూట్లో పట్టీలు, పెట్టెలు అయ్యాక, రంగు వెయ్యకముందు నాలుగు ఫొటోలు తీసి పంపు. పక్కన స్కేలు పెట్టి తియ్యి, కొలతలు నేను కూడా చూస్తాను. బ్రేకు గొట్టం ఎటు నుంచి దించుతున్నావో ఒక కాగితం మీద గీసి పంపితే ఇంకా మంచిది. నా దగ్గరున్న బిస్ గేర్ ఫొటోలు నీకు విడిగా పంపిస్తున్నాను, ఎడమ కాలివి ఎక్కువున్నాయి, కుడివి కొంచెం తక్కువ. నాజిల్ లోపలి రింగుల సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను, అది పెద్ద కథ.

నీ
నేస్తం