మొండెం మూసేముందే ముక్కు బరువు చూడండి

సంపాదకులకు,

అయ్యా,

సెలవులు వచ్చాయంటే పత్రికల్లో హాబీల మీద వ్యాసాలు వస్తాయి. అందులో ప్లాస్టిక్ మోడళ్ల ప్రస్తావన వస్తే, ముక్కలు తుంచి జిగురు పెట్టి రంగు వేస్తే విమానం తయారైపోతుందన్నట్టు రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. అరచేతిలో ఇమిడే చిన్న ఫైటర్ విమానానికి ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. 1/32 స్కేలులో, అంటే అసలు విమానానికి 32వ వంతు కొలతలో, నాలుగు ఇంజన్ల బాంబర్ కట్టబోయేవాళ్లకు మాత్రం అది నష్టం చేసే మాట. వేలకు వేలు పోసి కిట్ కొంటారు, నెలల తరబడి కష్టపడతారు, చివరికి అల్మారాలో పెట్టిన రోజున విమానం తోక మీద చతికిలబడుతుంది. ఆపాటికి మొండెం, అంటే విమానపు ఒళ్లు, రెండు సగాలూ అతికేసి, రంగు కూడా వేసేసి ఉంటారు. లోపలికి చెయ్యి పెట్టే దారి ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

అమెరికాలో తయారైన నాలుగు ఇంజన్ల భారీ బాంబర్ బీ-24 లిబరేటర్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. కారణం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత బెంగాల్‌లోని సాల్బనీ, దిగ్రీ లాంటి చోట్ల నుంచి బర్మాలోని జపాన్ స్థావరాల మీదకు వెళ్లిన బ్రిటిష్ వాయుసేన భారీ బాంబర్లు లిబరేటర్లే. యుద్ధం అయ్యాక వాటిని కాన్పూర్‌లో పనికిరాకుండా పాడుచేసి వదిలి వెళ్లారు. అలా పడి ఉన్నవాటిలో సుమారు 40 విమానాలను హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు మళ్లీ ఎగిరేలా చేశారు. 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ వాటితో మొదలైంది. తర్వాత 6వ స్క్వాడ్రన్ వాటిని సముద్రం మీద నిఘాకు వాడింది. 1968 దాకా మన దగ్గర ఎగిరాయి. ఈనాడు కెనడాలో ఒట్టావా మ్యూజియంలోనూ, అమెరికాలో టూసాన్‌లోని పీమా మ్యూజియంలోనూ, బ్రిటన్‌లో ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వాయుసేన) మ్యూజియంలోనూ ఉన్న లిబరేటర్లు మన వాయుసేన నుంచి వెళ్లినవే. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఒకటి మిగిలింది. ఇంత చరిత్ర ఉన్నా, కిట్ పెట్టెల్లో సాధారణంగా అమెరికా గుర్తులే వస్తాయి. మనవాళ్లూ వాటినే అతికించి ఊరుకుంటారు. ఇది బాధ కలిగించే విషయం.

ఇక పనిలోకి వస్తే, అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకు 33.5 మీటర్లు. 1/32లో అది 105 సెంటీమీటర్లు అవుతుంది. పొడవు 64 సెంటీమీటర్లు. మామూలు ఇంటి గది గుమ్మంలోంచి ఇది అడ్డంగా పట్టదు, ఏటవాలుగా తిప్పి తీయాలి. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు రెక్కలు ఊడదీసేలా కట్టుకోవడమే మేలు. మొండెంలో అడ్డంగా ఒక ఇత్తడి గొట్టం బిగించి, దానిలోకి సరిగ్గా జారే సన్న గొట్టాన్ని రెక్కలోకి కనీసం 15 సెంటీమీటర్లు పోనిచ్చి ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అతికితే సరి. ఊడదీసే ఉద్దేశం లేకపోయినా ఈ గొట్టం అవసరమే. లిబరేటర్ రెక్క సన్నగా, బాగా పొడుగ్గా ఉంటుంది. కిట్‌లో ఇచ్చే ప్లాస్టిక్ నాలుక ఒక్కటే అరమీటరు రెక్కను, దాని మీద రెండు ఇంజన్లను ఏళ్ల తరబడి మోయలేదు. మన ఎండలకు కొస మెల్లగా కిందికి వాలుతుంది. గొట్టం అతికేటప్పుడు రెండు రెక్కల కొసల కింద ఒకే ఎత్తు పుస్తకాల దొంతరలు పెట్టండి. ప్రతి కొస నుంచి తోక దాకా దారంతో కొలిచి, రెండు కొలతలూ సమానమయ్యాకే ఎపాక్సీ గట్టిపడనివ్వండి. దొంతరలను మర్నాటి దాకా కదపొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. లిబరేటర్‌కు ముక్కు చక్రం ఉంటుంది. ప్రధాన చక్రాలు రెక్క కింద ఉంటాయి. వాటి వెనక పొడవాటి మొండెం, రెండు పెద్ద తోక రెక్కలు, టరెట్ (తుపాకులు బిగించిన తిరిగే గూడు). ముందు ఉన్నదంతా ఎక్కువగా గాజు, ఖాళీ. ఏతానికి బరువు రాయి కట్టినట్టు ముక్కులో బరువు పెట్టకపోతే అది కూర్చోదు. చాలామంది ఎంత పెట్టాలో తెలియక దొరికిన చోటల్లా సీసం కుక్కుతారు, లేదా ఏదో కాస్త పెట్టి సరిపోతుందనుకుంటారు. ఊహతో పని లేదు, తూకంతో తేలుతుంది. మొండెం, రెక్కలు, తోక, ఇంజన్లు, ప్రొపెల్లర్లు, టరెట్లు అన్నింటినీ జిగురు లేకుండా టేపుతో బిగించండి. ప్రధాన చక్రాల ఇరుసు ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడ, రెక్కల కింద ఒకే గీతలో రెండు పెన్సిళ్లు ఆన్చండి. ముక్కు కొసకు దారంతో ఒక ప్లాస్టిక్ కప్పు వేలాడదీసి, ముక్కు వాలేదాకా సీసం గుళ్లు వేస్తూ పోండి. వలలకు కట్టే సీసం గుళ్లు జాలరి సామాను కొట్లలో దొరుకుతాయి. ఇరుసు గీత నుంచి కప్పు 24 సెంటీమీటర్ల దూరంలో ఉండి 75 గ్రాములకు ముక్కు వాలిందనుకుందాం. 24ను 75తో గుణిస్తే 1800. ఇప్పుడు బరువు పట్టే చోటు 18 సెంటీమీటర్ల దూరంలో, కాక్‌పిట్ నేల కింద ఉంటే 100 గ్రాములు కావాలి. 12 సెంటీమీటర్ల దగ్గరే చోటుంటే 150 గ్రాములు. ముక్కుకు దగ్గరగా పెట్టిన కొద్దీ తక్కువ సీసంతో పని జరుగుతుంది. కాళ్ల మీద భారమూ తగ్గుతుంది. వచ్చిన లెక్కకు పావు వంతు అదనంగా కలపండి. రంగు, లప్పం, తోక వైపు తర్వాత అతికే చిన్న ముక్కలు, అన్నీ బరువే.

ముక్కు గాజులోంచి లోపలంతా కనిపిస్తుంది కాబట్టి దాచే చోట్లు ఎంచుకోవాలి. కాక్‌పిట్ నేల కింద, ముక్కు చక్రం గూడుకు అటూ ఇటూ, పైలట్ల వెనక అడ్డగోడ చాటున. లోపలి రెండు ఇంజన్ల గూళ్లు కూడా ఇరుసుకు ముందే ఉన్నాయి కనుక వాటిలో కొంత పెట్టొచ్చు. బయటి ఇంజన్లలో మాత్రం వద్దు, రెక్క వాలుతుంది. 150 గ్రాముల సీసం ముద్దగా ఉంటే 13 మిల్లీలీటర్ల చోటే పడుతుంది. గుళ్లుగా పోస్తే సందుల వల్ల 20 మిల్లీలీటర్లు దాటుతుంది. చోటు చాలకపోతే గుళ్లను సుత్తితో రేకుల్లా కొట్టి పొరలుగా పేర్చండి. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోకుండా తిండి ముట్టుకోవద్దు. పిల్లలు ఉన్నచోట ఈ భాగం పెద్దవాళ్లే చేయాలి.

సీసాన్ని దేనితో అతుకుతున్నామన్నది చాలామంది పట్టించుకోని విషయం. చెక్కపనికి వాడే తెల్ల జిగురు చవక, వాసన లేదు, అందుకని అది పోసేస్తారు. అక్కడే వస్తుంది ముప్పు. ఆ జిగురు కొద్దికొద్దిగా ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లోని పులుపును వదులుతుంది. మూసిన ముక్కులో అది సీసాన్ని తింటుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సీసం కార్బొనేట్ అనే తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడికి సీసం కంటే ఎక్కువ చోటు కావాలి. ఏడాదికో నాలుగేళ్లకో ముక్కు కింది అతుకు వెంట్రుక మందాన విచ్చుకుంటుంది. తర్వాత రంగు పెచ్చులుగా లేస్తుంది, సందులోంచి తెల్లని బూడిద రాలుతుంది. అప్పుడిక ముక్కు కోయడం తప్ప మందు లేదు. సీసానికి ఎపాక్సీయే వాడండి, అదీ నెమ్మదిగా గట్టిపడే రకం. ఒక్కసారిగా పోయకుండా మూడు విడతలుగా, మధ్య కొన్ని గంటలు ఆగి పోయండి. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. మందంగా పోస్తే ఆ వేడికి పలచని ప్లాస్టిక్ మెత్తబడి బయటి వైపు ఉబ్బుతుంది. తెల్ల జిగురు పూర్తిగా పనికిరానిదేమీ కాదు. కాక్‌పిట్ గాజు, టరెట్ అద్దాలు అతకడానికి అదే మంచిది. క్షణాల్లో అతుక్కునే సైనో జిగురు వాడితే దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది.

ముక్కులో ఇంత బరువు పెట్టాక కిట్‌లోని ప్లాస్టిక్ ముక్కు కాలు నిలబడదు. విరగకపోవచ్చు, నెలల మీద వంగిపోతుంది. మెత్తటి తెల్లలోహంతో పోత పోసిన కాళ్లు అమ్ముతారు, అవీ మెల్లగా వంగుతాయి. ప్లాస్టిక్ కాలిని నిలువునా తొలిచి 1 మిల్లీమీటరు ఇత్తడి లేక స్టీలు కడ్డీ దింపడం, లేదా ఇత్తడి కాలే కొనడం ఉత్తమం.

మొండెం మూసేముందే తేల్చుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. ఏ దేశపు విమానం, ఏ కాలపు విమానం కడుతున్నారో ఫోటో ముందు పెట్టుకుని చూడండి. పొట్ట కింద బాల్ టరెట్ ఉందా, దాని చోట రాడార్ గుమ్మటం ఉందా అన్నది అక్కడ చేసే రంధ్రాన్ని నిర్ణయిస్తుంది. బాంబులు ఉండే గది తలుపులు తెరిచి చూపాలనుకుంటే గుర్తుంచుకోండి, లిబరేటర్ తలుపులు కిందికి వేలాడవు. దుకాణం షట్టర్‌లా మొండెం పక్కల మీదుగా పైకి జారతాయి. లోపల మధ్యన నడిచే బాట అసలు విమానంలోనే 9 అంగుళాలు, మోడల్‌లో 7 మిల్లీమీటర్లు. అది మొండేనికి వెన్నెముక లాంటిది కూడా. వంకరగా అతికితే రెండు సగాలూ కలవవు. రబ్బరు బ్యాండ్లతో బిగించి బలవంతంగా కలిపితే అతుకు కొన్నాళ్లకు విడుతుంది.

ప్లాస్టిక్‌ను కరిగించి అతికే పలచని జిగురు అతుకులోకి దానంతటదే పాకుతుంది. వేళ్లతో మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని పూసలా పైకి ఉబుకుతుంది, అదే మంచి అతుకుకు గుర్తు. ఆ పూసను మర్నాడే రాకేయడం పెద్ద తప్పు. లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, తర్వాత కుంచించుకుపోయి రంగు వేశాక పొడవునా గాడిలా తేలుతుంది. వారం ఆగండి. ఆ వారంలో ఇంజన్లు చేసుకోవచ్చు. ఒక్కో ఇంజన్‌కు 14 సిలిండర్లు, సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, అంటే 28 తీగలు, నాలుగింటికీ కలిపి 112. కరెంటు వైరు ఒలిస్తే వచ్చే 0.2 మిల్లీమీటర్ల రాగి పోగు ఈ స్కేలుకు సరిపోతుంది. అన్నీ పెట్టక్కర్లేదు. ముందు వరస ఏడు సిలిండర్లే బాగా కనిపిస్తాయి, శ్రమ అక్కడే పెట్టండి. ఇంజన్ తొడుగు గుండ్రంగా కాక అడ్డంగా కోలగా ఉంటుంది. లప్పం పెట్టి రాకేటప్పుడు ఆ కోలతనం పోకుండా చూసుకోవాలి.

మన వాయుసేన లిబరేటర్లు ఎక్కువగా రంగు లేని లోహపు మెరుపుతో కనిపిస్తాయి. ఆకుపచ్చ రంగు గీతలను దాస్తుంది, అల్యూమినియం రంగు వాటిని రెట్టింపు చేసి చూపిస్తుంది. కార్ల రంగుల కొట్లో దొరికే వాటర్ పేపర్‌తో 400, 800, 1000, 2000 నంబర్ల వరసలో తడిగా రాకాలి. ఒక్క నంబరు దాటేసినా దాని గీతలు మిగులుతాయి. దాని మీద నిగనిగలాడే నలుపు వేసి, రెండు రోజులు ఆరనిచ్చి, అల్యూమినియం రంగును పలచగా పొరలు పొరలుగా కొట్టండి. ఐలెరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్లు (విమానాన్ని తిప్పడానికి రెక్కల, తోకల వెనక కదిలే పలకలు) అసలు విమానంలో గుడ్డ కప్పినవి. వాటికి లోహపు మెరుపు ఉండదు, మెరవని వెండి రంగు వేయాలి. ఈ ఒక్క తేడాతో మోడల్‌కు ప్రాణం వస్తుంది.

కోస్తాలో వానాకాలం లాకర్ రంగు (తిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రకం) కొట్టకపోవడం మంచిది. తిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి రంగు పాలమీగడలా తెల్లబారుతుంది. తప్పనిసరైతే కంప్రెసర్‌కు గాలిలోని నీటిని పట్టే బుడ్డి పెట్టి, ఆలస్యంగా ఆరే తిన్నర్ కలపండి. మే నెలలో మాత్రం మోడల్‌ను మూసిన కారులో పెట్టి ఎక్కడికీ తీసుకెళ్లొద్దు.

గుర్తులు. మన వాయుసేన గుండ్రని గుర్తులో బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. ఇది 1950 నుంచి. అంతకు ముందు కొద్దికాలం అశోకచక్రం గుర్తు ఉండేది. కాబట్టి ఏ ఏడాది విమానం కడుతున్నారో దాన్ని బట్టి గుర్తు వేయాలి. స్టిక్కర్లు దొరకలేదని దిగులు పడక్కర్లేదు. వృత్తలేఖినిలో బ్లేడు బిగించి మాస్కింగ్ షీటు కోసుకుని కొట్టుకోవచ్చు. ముందు వృత్తమంతా తెలుపు, అది ఆరాక కాషాయపు వలయం, చివరికి ఆకుపచ్చ బొట్టు. అల్యూమినియం మీద నేరుగా కాషాయం కొడితే ఇటుకరంగులోకి దిగిపోతుంది.

మా విన్నపం ఒకటే. ఆదివారం సంచికలో ఏడాదికి ఒక్కసారైనా మన లిబరేటర్ల పాత ఫోటోలు, పాలంలో ఉన్న విమానం దగ్గరి చిత్రాలు పెద్దవిగా వేయండి. పొట్ట కింది భాగం, చక్రాల గూళ్లు, తోక వెనక వైపు చూపే ఫోటోలైతే ఇంకా ఉపయోగం. ఇంగ్లిషు పుస్తకాలు కొనలేని కుర్రవాళ్లకు అవే కొలమానం.

ఇప్పటికే మొండెం మూసేసి, తోక మీద కూర్చున్న లిబరేటర్‌తో తల పట్టుకున్నవాళ్లకూ ఒక దారి ఉంది. మనుషులు తోక వైపు చేరినప్పుడు అసలు విమానం కూడా అలాగే వెనక్కి ఒరిగేది. అలా ఒరగకుండా తోక కింద ఆధారంగా ఒక స్టాండు నిలబెట్టేవాళ్లు. ఫోటో చూసి అదే ఆకారంలో, ముక్కు చక్రం నేలకు ఆనే ఎత్తుకు ఇత్తడి కడ్డీతో చేసి పెడితే చాలు, మోడల్‌ను కోయాల్సిన పని లేదు.

ఇట్లు,
ప్లాస్టిక్ మోడళ్లు కట్టే పాఠకులు కొందరు,
విశాఖపట్నం