గోల్ఫ్ డ్రైవర్ డ్రా సెట్టింగ్ గురించి నేను చెప్పింది తప్పు, డ్రైవర్ కొన్నవాళ్ళు ఒకసారి షాప్‌కి రండి

అందరికీ నమస్తే అండి. పోయిన నెల అడ్జస్టబుల్ డ్రైవర్లు (సెట్టింగ్ మార్చుకోగలిగే, దూరం కొట్టే పెద్ద గోల్ఫ్ క్లబ్బులు) తెప్పించినప్పుడు "డ్రాలో పెట్టుకోండి, స్లైస్ పోతుంది" అని కౌంటర్ దగ్గర నేనే చాలామందికి చెప్పా, అలా చెప్పే అమ్మాను కూడా. స్లైస్ అంటే కుడిచేతివాళ్ళు కొట్టిన బాల్ కుడికి వంగిపోవడం, డ్రా అంటే దానికి రివర్స్. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఏమైందంటే, నయా ఖిలా వైపు గోల్ఫ్ ఆడే మన కస్టమర్లనే 8 మందిని పిలిచి మూడు ఆదివారాలు లాంచ్ మానిటర్ (బాల్ ఎలా వెళ్ళిందో కొలిచే మెషీన్) పెట్టి కొట్టించా, అందరూ హ్యాండికాప్ 18 పైనే, అంటే మామూలు ఆటగాళ్ళే. మొదటి ఆదివారం లెక్కంతా చెత్తబుట్టలోకే పోయింది, సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ రెంచ్ క్లిక్ అనేదాకా బిగించాలి కదా, నేను హడావుడిలో సగం సగం బిగించుకుంటూ పోయా, ఆరో ఆయన కొట్టేసరికి హెడ్‌లోంచి టకటకమని సౌండ్. ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నా, అయినా!

మిగతా రెండు ఆదివారాల్లో తేలింది చెప్తా. డ్రా సెట్టింగ్ అంటే హెడ్‌లో వెయిట్‌ని హీల్ వైపు, అంటే కర్ర తగిలించి ఉన్న వైపు జరపడమే; అలా జరిపితే స్లైస్ కొంచెం తగ్గింది, పోలేదు. బయట నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చే స్వింగ్‌కి ఫేస్ (బాల్‌కి తగిలే వైపు) తెరుచుకుని, అంటే కుడికి తిరిగి ఉంటే ఏ స్క్రూ ఏం చేస్తుంది చెప్పండి.

నిజంగా పనిచేసింది లాఫ్ట్, అంటే ఫేస్ పైకి వాలి ఉండే కోణం. ఒక సర్ 9 డిగ్రీల హెడ్ తీసుకుని, టీవీలో ప్రోలని చూసి దాన్ని ఇంకా తగ్గించి ఆడుతున్నారు. స్లీవ్ (కర్ర హెడ్‌లో దూరే చోట ఉండే తొడుగు) తిప్పి లాఫ్ట్ తగ్గిస్తే ఫేస్ ఇంకాస్త తెరుచుకుంటుంది, పెంచితే మూసుకుంటుంది, అంటే ఆయన స్లైస్‌ని ఆయనే పెంచుకున్నట్టు. 10.5 డిగ్రీల హెడ్ ఇచ్చి ఇంకొంచెం పెంచితే బాల్ గాల్లో నిలబడింది, ఫెయిర్‌వేలో పడింది, ఆయన మొహం చూడాల్సింది.

ఇంకోటి, వైట్‌బోర్డ్ మార్కర్‌తో బాల్ మీద చుక్క పెట్టి కొట్టి ఫేస్ మీద అచ్చు ఎక్కడ పడిందో చూస్తే సగం మందికి హీల్ దగ్గరే. హీల్ మీద తగిలిన బాల్ కుడికే వంగుతుంది. టీ (బాల్ పెట్టే పుల్ల) ఎత్తు, నిలబడే దూరం సరిచేసుకుంటే చాలు, దీనికి నాకు పైసా ఇవ్వక్కర్లేదు.

వ్యాపారస్తుడు చెప్పకూడని మాట కూడా చెప్పేస్తా. హెడ్ సైజుకి 460 సీసీ, ఫేస్ బాల్‌ని స్ప్రింగులా ఎగరగొట్టడానికి కూడా రూల్స్‌లో లిమిట్ ఉంది, పెద్ద కంపెనీలన్నీ ఎప్పుడో అక్కడికి చేరిపోయాయి. మీ దగ్గర నాలుగేళ్ళ కిందటి అడ్జస్టబుల్ ఉంటే కొత్తది కొనకండి, దాన్నే సెట్ చేయించుకుని మిగిలిన డబ్బుతో కోచ్ దగ్గర నాలుగు క్లాసులు తీసుకోండి.

అన్నట్టు, రౌండ్ మధ్యలో మాత్రం రెంచ్ తీయొద్దు. సెట్టింగ్ మార్చి ఆ క్లబ్‌తో షాట్ కొట్టారంటే డిస్‌క్వాలిఫై.

నా మాట నమ్మి కొన్నవాళ్ళు డ్రైవర్ పట్టుకుని రండి, ఫ్రీగా సెట్ చేస్తా, అప్పటికీ నచ్చకపోతే వాపస్ తీసుకుంటా. బిల్లు పోయినా పర్లేదు, నా పుస్తకంలో రాసి ఉంది. శనివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం 5 తర్వాత రండి, శనివారం గ్రిప్పులు మార్చే పనితో చేతులు ఖాళీ ఉండవు.