టెట్ బిట్లకి జవాబు ఒక్కటే వేస్తే చాలదు, మిగతా మూడూ ఎందుకు తప్పో కూడా వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీని రోజూ చూస్తాను. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) నోటిఫికేషన్ రాబోతోందన్న వార్త వస్తే చాలు, పేజీ నిండా బిట్లే. పైన ప్రశ్నలు, కింద మూలన చిన్న అక్షరాల్లో 1-సి, 2-ఎ, 3-బి అని జవాబులు. నేను శిశువికాసం, పెడగాజీ (బోధనాశాస్త్రం) చెప్పే మనిషిని, నా దగ్గరికొచ్చే అభ్యర్థుల్లో చాలామంది ఆ బిట్లని కత్తిరించి ఫైల్లో దాచుకుంటారు, కాబట్టి అవి వేయొద్దని అనను. కానీ ఇప్పుడు మీరు (మీరే కాదు, గైడ్లు, యాప్‌లు, కోచింగ్ మెటీరియల్ అన్నీ) వేస్తున్న తీరులో అవి చదువు కంటే ఎక్కువగా "నాకు వచ్చేసింది" అన్న భ్రమని ఇస్తున్నాయి. దాని గురించే ఈ ఉత్తరం, కొంచెం పెద్దదే అయింది, వీలైనంత వేయండి.

పరీక్ష రూల్స్ అందరికీ తెలిసినవే. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, ఒక్కోదానికి ఒక మార్కు, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్‌కి 90, బీసీలకి 75, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి 60 వస్తే క్వాలిఫై. సర్టిఫికెట్‌కి ఒకప్పుడు ఏడేళ్లే గడువు, 2021లో దాన్ని జీవితకాలం చేశారు, దాంతో ఎలాగోలా ఒకసారి గట్టెక్కితే చాలన్న ఆలోచన వచ్చింది. చాలదు. మన రెండు రాష్ట్రాల్లోనూ టీచర్ ఉద్యోగాలకి పెట్టే డీఎస్సీలో టెట్ మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంది. 92తో పాసైన వాళ్లకీ 125తో పాసైన వాళ్లకీ మధ్య ఆ లెక్కలో 4.4 మార్కుల తేడా వస్తుంది, అర మార్కుకే ర్యాంకులు తారుమారయ్యే చోట అది ఉద్యోగానికీ మళ్లీ కోచింగ్‌కీ మధ్య ఉన్న తేడా.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఎలా చదివితే గుర్తుంటుందో చెప్పేది ఆ సిలబస్సే. పేపర్ 1లోనైనా 2లోనైనా 30 మార్కులు శిశువికాసం, పెడగాజీకే, అందులో స్మృతి, విస్మృతి ఒక పాఠం. ఎబ్బింగ్‌హాస్ అనే మనస్తత్వవేత్త అర్థం లేని పదాలు తయారుచేసుకుని, తనమీద తానే ప్రయోగం చేసుకుని 1885లో అచ్చువేసిన లెక్కలు మనవాళ్లకి కంఠతా వచ్చు: ఒక రోజుకి 66 శాతం, 31 రోజులకి 79 శాతం మరచిపోతాం. బాగుంది. మరి నిన్న చదివిన పాఠం ఇవాళ ఒకసారి తిరగేశావా అమ్మా అని అడిగితే "లేద్సార్, ఇవాళ కొత్త చాప్టర్" అంటారు. విరామ పద్ధతి (మధ్యలో ఆగి ఆగి చదవడం) మేలా అవిరామ పద్ధతి (ఏకబిగిన చదవడం) మేలా అన్న బిట్‌కి అందరూ టక్కున విరామం అనే పెడతారు, చదవడం మాత్రం హాల్‌టికెట్ వచ్చాక రాత్రింబవళ్లు అవిరామంగానే. అభ్యసన వక్రరేఖలో పీఠభూమి (నేర్చుకోవడం కొన్నాళ్లు ముందుకి కదలకుండా ఆగడం) గురించి చదువుతారు, మాక్ టెస్టుల్లో రెండు వారాలు 95 దగ్గరే ఆగిపోతే మాత్రం ఇక నావల్ల కాదని పుస్తకం మూసేస్తారు. పీఠభూమి అంటే అదే కదండీ!

అన్నిటికంటే ముఖ్యమైనది గుర్తింపు, పునఃస్మరణ అనే రెండు మాటల తేడా. చూసినదాన్ని "ఇది నాకు తెలుసు" అనుకోవడం గుర్తింపు, ఎదురుగా ఏమీ లేకుండా బయటికి తీయడం పునఃస్మరణ. బిట్లు చదివేటప్పుడు కన్ను ప్రశ్న మీద పడుతుంది, వెంటనే కిందికి జారి 3-బి చూస్తుంది, బుర్ర "అవును, బి" అంటుంది. అక్కడ జరిగింది గుర్తింపు మాత్రమే. ఆప్షన్లున్న పరీక్షకి గుర్తింపు సరిపోతుంది కదా అని చాలామంది వాదిస్తారు, పొరపాటంతా అక్కడే ఉంది, ఎందుకంటే పేపర్ చేసేవాళ్లు పెట్టే నాలుగు ఆప్షన్లూ మీరు ఎక్కడో చదివినవే అయి ఉంటాయి. పియాజె, బ్రూనర్, విగోట్‌స్కీ, కోల్‌బర్గ్ అని నలుగురు మనస్తత్వవేత్తల పేర్లిస్తే నాలుగూ తెలిసిన మొహాలే, ఎవర్ని పట్టుకోవాలి?

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం గురించి మా పాఠాల్లో చెబుతుంటాను. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్లీ మళ్లీ చదివారు, ఇంకొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే కాస్త ముందున్నారు, వారం తర్వాత పెడితే లెక్క తలకిందులై రాసుకున్నవాళ్లు బాగా ముందుకెళ్లిపోయారు. ఇప్పుడు చదివింది ఇప్పుడు బాగా వచ్చినట్టే ఉంటుంది, పరీక్ష ఏమో వారాల తర్వాత. కాబట్టి పాఠం అయ్యాక ఒక తెల్ల కాగితం తీసి గుర్తున్నదంతా గీకండి, తప్పులున్నా సరే, రాకపోయింది ఏదో అప్పుడే తెలుస్తుంది. మొదట్లో చిరాకేస్తుంది. చాలామంది ఆ చిరాకుకే మానేసి మళ్లీ హైలైటర్ పట్టుకుంటారు.

ఇక బిట్ విషయానికి వస్తాను, ఒకటి విప్పి చూపిస్తే నేను అడిగేది ఏమిటో మీకే అర్థమవుతుంది. వెడల్పు గ్లాసులో నీళ్లని పిల్లవాడి కళ్ల ముందే సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే, పొడుగు గ్లాసులోనే ఎక్కువున్నాయి అన్నాడు, పియాజె చెప్పిన వికాస దశల్లో ఏ దశలో ఉన్నాడు? జవాబు పూర్వ ప్రచాలక దశ (తర్కం ఇంకా రాని వయసు), ఇది రానివాళ్లు లేరు. పేపర్ చేసేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. అందుకని హాల్లో ప్రశ్న ఇలా వస్తుంది: బంకమట్టి ముద్దని పొడుగ్గా సాగదీసి ఇప్పుడు మట్టి ఎక్కువైందా అని అడిగితే, అంతే ఉంది, మళ్లీ ముద్ద చేస్తే ముందులాగే అవుతుంది కదా అని చెప్పిన పాప ఏ దశలో ఉంది? ప్రయోగం అదే జాతిది కాబట్టి, బిట్‌ని బొమ్మలా గుర్తుపెట్టుకున్నవాళ్ల చెయ్యి మళ్లీ పూర్వ ప్రచాలక మీదికే పోతుంది. తప్పు. పాపకి పదిలపరచుకునే భావన (ఆకారం మారినా మొత్తం మారదన్న తెలివి) వచ్చింది, వెనక్కి తిప్పి ఆలోచించడం వచ్చింది, కాబట్టి మూర్త ప్రచాలక దశ (ఎదురుగా ఉన్న వస్తువుల మీద తర్కం చేయగల దశ).

జవాబుతో పాటు మిగతా మూడూ ఎందుకు కాదో ఒక్కో ముక్క రాసి ఉంటే ఈ తప్పు పడదు. ఇంద్రియ చాలక దశ ఎందుకు కాదంటే, అది రెండేళ్ల లోపుది, ఇలా కారణం చెప్పి పోల్చే మాట అప్పటికి ఉండదు. పూర్వ ప్రచాలకం కాదు, ఆ వయసులో పొడవో వెడల్పో ఒక్కటే కంటికి ఆనుతుంది. అమూర్త ప్రచాలకం అనక్కర్లేదు, వస్తువు చేతిలోనే ఉంది, ఊహా లేదు పరికల్పనా లేదు. మూడు వాక్యాలు, అంతే. ఈ ఒక్క బిట్‌తో నాలుగు ప్రశ్నలు చదివినట్టు. నేనైతే రోజుకి వంద బిట్లు చూసేవాళ్ల కంటే పదిహేను బిట్లు ఇలా విప్పేవాళ్ల మీదే ఆశ పెట్టుకుంటాను.

ఇలా విప్పితే తప్పు కీలు (గైడ్లలో తప్పుగా ఇచ్చిన జవాబులు) కూడా బయటపడతాయి, అదో లాభం. స్కఫోల్డింగ్ (నేర్చుకునేవాళ్లకి అవసరమైనంత ఆసరా ఇచ్చి మెల్లగా తీసేయడం) అనే పదాన్ని ప్రవేశపెట్టింది విగోట్‌స్కీ అని గైడ్లలో కనిపిస్తూ ఉంటుంది. ఆయన 1934లోనే పోయారు, బోధనలో ఆ పదాన్ని వాడుకలోకి తెచ్చింది 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన వ్యాసం. సామీప్య వికాస మండలం (పిల్లలు తామే చేయగలిగేదానికీ, సాయంతో చేయగలిగేదానికీ మధ్య ఉన్న ఎడం) విగోట్‌స్కీదే, రెండూ పక్కపక్కన నడుస్తాయి కాబట్టి కలిపేశారు. హాల్లో ఈ తేడాని సాగదీసుకుంటూ కూర్చోకండి, ఆప్షన్లలో బ్రూనర్ ఉన్నాడో లేడో చూసి పెట్టండి.

హాల్లోకి వెళ్లాక చెయ్యాల్సినవి నా దృష్టిలో కొన్నే. "సరికానిది ఏది", "సంబంధం లేనిది ఏది" అన్న ప్రశ్నల్లో మొదటి ఆప్షన్ నిజమని కనబడగానే నొక్కేయడం మామూలే, దీనికి మందు ఒక్కటే, ప్రతి ఆప్షన్ దగ్గరా మనసులో ఒప్పు, తప్పు అనుకుంటూ పోవడం, మూడు ఒప్పులొస్తే మిగిలిందే జవాబు. ప్రకటన, కారణం ఇచ్చి రెండూ సరైనవే, కారణం సరైన వివరణ అవునా కాదా అనే రకం ఉంటుంది, అక్కడ రెండు వాక్యాల మధ్య "ఎందుకంటే" పెట్టి చదవండి, అతికితే వివరణ, అతక్కపోతే రెండూ విడివిడి నిజాలు. పెడగాజీలో "మాత్రమే", "ఎల్లప్పుడూ" ఉన్న ఆప్షన్ని అనుమానించమని అందరూ చెబుతారు, చాలాసార్లు పనిచేస్తుంది, కానీ ఆ చిట్కా పేపర్ చేసేవాళ్లకీ తెలుసని మర్చిపోకండి.

టైమ్ విషయంలో ప్రశ్నకి నిమిషం అన్న లెక్క కాగితం మీదే బాగుంటుంది. భాషలో పర్యాయపదం అడిగితే పది సెకన్లు, గణితంలో కాలం-దూరం వస్తే రెండు నిమిషాలు. ముందు వచ్చినవన్నీ పెట్టేసి, రానిదాన్ని రివ్యూకి మార్క్ చేసి ముందుకి పోవాలి. వదిలేసిన ప్రశ్న బుర్రలో గోల చేస్తూనే ఉంటుంది, దానికీ సిలబస్‌లో పేరుంది, జైగార్నిక్ ప్రభావం, పూర్తికాని పనే ఎక్కువ గుర్తుంటుంది. గోల చెయ్యనివ్వండి, తిరిగొచ్చేసరికి ఒక్కోసారి జవాబు దొరికే ఉంటుంది.

నెగెటివ్ లేనప్పుడు ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. ఏమీ తెలియని ఇరవై ప్రశ్నలకి గుడ్డిగా పెట్టినా సగటున ఐదు తగులుతాయి, ఒక్కోదాంట్లో రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే పది. మిగతా మూడూ ఎందుకు తప్పో చదవమని అంత గట్టిగా చెప్పేది ఇందుకే, కొట్టేయడం అలవాటైనవాళ్లకి రాని ప్రశ్నలో కూడా సగం మార్కు చేతిలో ఉన్నట్టు. అలాగే మొదట పెట్టిన జవాబు మార్చకూడదన్న నమ్మకం ఒకటుంది, చాలా మొండి నమ్మకం. 2005లో అమెరికాలో విద్యార్థుల జవాబుపత్రాల్లో చెరిపిన గుర్తులు లెక్కపెడితే, మార్చిన వాటిలో దాదాపు సగం తప్పు నుంచి ఒప్పుకి, నాలుగో వంతు మాత్రమే ఒప్పు నుంచి తప్పుకి మారాయి. మార్చి పోగొట్టుకున్నది కడుపులో మంటలా గుర్తుంటుంది, మార్చి సంపాదించింది ఎవరికీ గుర్తుండదు, నమ్మకం పుట్టింది అలాగే. కారణం కనబడితే మార్చండి, భయంతో మార్చకండి.

ఇంకో సంగతి, ఈసారి రాసేవాళ్లలో సర్వీసులో ఉన్న టీచర్లు కూడా ఉంటారు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రిటైర్మెంట్‌కి ఐదేళ్లకి పైగా ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఇరవయ్యేళ్లు పాఠం చెప్పిన మనిషికి అది ఎంత నామోషీగా ఉంటుందో నాకు తెలుసు, ఆ మంచిచెడ్డలు వేరే ఉత్తరంలో మాట్లాడుకోవచ్చు. వాళ్లకి చెప్పేది ఒకటే. తరగతి గదిలో ఇలా జరిగితే మీరేం చేస్తారు అన్న ప్రశ్నల్లో మీకున్న అనుభవం కుర్రాళ్లకి లేదు, కానీ అక్కడే జారేదీ మీరే, ఎందుకంటే అరవై మంది పిల్లలున్న గదిలో మీరు నిజంగా చేసేది ఒకటి, జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెయ్యమనేది ఇంకొకటి. కీ చట్రం వైపే ఉంటుంది. దానితోపాటు, పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి కాగితం మీద ఎన్ని మాక్‌లు రాసినా స్క్రీన్ మీద, మీ సెషన్ వేళకే, మధ్యలో లేవకుండా కొన్నైనా రాయండి. మౌస్ అలవాటు లేక పోయే నిమిషాలు ఎవరూ తిరిగివ్వరు. సెషన్ తేలిగ్గా వచ్చిందా కష్టంగా వచ్చిందా అన్న బెంగ వద్దు, దానికి నార్మలైజేషన్ (సెషన్ల మధ్య కష్టం తేడాని మార్కుల్లో సరిచేయడం) ఉంది, అది మన చేతిలో లేదు.

సంపాదకులు గారూ, మీరు చెయ్యగలిగింది చాలా చిన్నది. రోజూ యాభై బిట్లకి బదులు పన్నెండు వేయండి. కీ అదే రోజు వేయకండి, మర్నాడు వేయండి, మూడు తప్పు ఆప్షన్లకి మూడు ముక్కల వివరణతో. వారం తర్వాత అవే భావనల మీద ప్రశ్నని తిప్పి ఇంకోసారి వేయండి. వేసిన బిట్లే మళ్లీ వేస్తున్నారేంటని ఫోన్లొస్తాయి. రానివ్వండి, వాళ్లకి ఎబ్బింగ్‌హాస్ బిట్ ఒకటి అడగండి.

ఇట్లు,
మీ పాఠకుడు, శిశువికాసం బోధించే ఒక అధ్యాపకుడు