తమ్ముడి రిపోర్టు ఒక్కడిది కాదు

సంపాదకులకు,

మా ఊళ్లో బస్టాండు నుంచి రైల్వేస్టేషను దాకా ఏ గోడ చూసినా ‘ఆపరేషన్ లేకుండా మొలలు మాయం’ అనే రాతే. ఆ గోడల్ని నమ్ముకుని మా తమ్ముడు పద్నాలుగు నెలలు పోగొట్టుకున్నాడు. విరేచనంలో రక్తం పడుతోందంటే, పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే ఉద్యోగం, వేడి చేసింది, మొలలే అన్నారంతా. మజ్జిగ బాగా తాగరా అని నేనూ అన్నాను. మనిషి సగమై, హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయాక కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తే పెద్దపేగులో కణితి. అప్పటికి వాడికి 34 ఏళ్లు.

ఆపరేషన్, కీమో ప్రభుత్వ పథకం కిందే జరిగాయి. (పేరు ఎన్నిసార్లు మారినా మా నోట్లో ఆరోగ్యశ్రీయే.) ఆ మేలు మరిచిపోను. కానీ అన్ని నెలలు తిరిగినా, మీ నాన్నగారు ఎలా పోయారని అక్కడ ఒక్కరూ అడగలేదు. అడిగింది వాడి చివరి ఏడాదిలో మరోచోట చూపించుకుంటే అక్కడి డాక్టరమ్మ. తెల్లకాగితం మీద మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు గీస్తూ ఒక్కొక్కరి గురించీ అడుగుతూ పోయింది. నాన్న దగ్గరికి వచ్చేసరికి అమ్మ తల దించుకుంది. 46 ఏళ్లకే పేగు మడతపడి పోయాడని మాకు చెప్పిన మనిషిది నిజానికి క్యాన్సరేనట. ఏడాది తిరిగేలోపు నా పెళ్లి చేయాలి కాబట్టి దాచారట. డాక్టరమ్మ ఆ చదరాన్ని పెన్నుతో నింపింది. గర్భసంచిలో గడ్డతో పోయిన మేనత్త సున్నానూ నింపింది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మా ఇంట్లో ఇలా తరతరాలుగా దిగుతున్న లోపాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. కణం రెండుగా విడిపోయేటప్పుడు జన్యువుల్లో దొర్లే తప్పుల్ని దిద్దే ఏర్పాటే పుట్టుకతో లోపంగా ఉండటం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఒక్క పేగుతో పోదు, ఆడవాళ్లకు గర్భసంచి, అండాశయాల క్యాన్సర్ కూడా రావచ్చు. మన దగ్గర ఇది బయటపడకపోవడానికి ఇంకో కారణం ఉందని నా అనుమానం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలోకెల్లా ఎక్కువగా తేలింది మన రెండు రాష్ట్రాల్లోనే. ‘మా అమ్మకు ఎప్పుడో ఆపరేషనైంది’ అంటారే గానీ ఎందుకైందో ఇంట్లో ఎవరికీ తెలియదు. పైగా మేనరికాలు. ఒకే లోపమున్న ఇద్దరికి పెళ్లయి, బిడ్డకు రెండు వైపుల నుంచీ అది వస్తే, పసితనంలోనే మెదడు, రక్తం, పేగు క్యాన్సర్లు రావచ్చు.

తెలిసి మాత్రం చేసేదేముంది అంటారు కొందరు. ఫిన్లాండ్‌లో ఇలాంటి కుటుంబాల వాళ్లను 15 ఏళ్లు గమనించి, ఆ వివరాలు 2000లో ప్రచురించారు. మూడేళ్లకోసారి కొలనోస్కోపీ చేయించుకున్న 133 మందిలో పేగు క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఒక్కరూ లేరు. చేయించుకోని 119 మందిలో తొమ్మిదిమంది పోయారు. మామూలుగా పేగులో చిన్న పిలక క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లు పడితే, వీళ్లలో రెండు మూడేళ్లు చాలు. అందుకే ఇప్పుడు లోపం ఏ జన్యువులో ఉందో దాన్ని బట్టి 20-25 ఏళ్ల నుంచో, 30 దాటాకో మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో చేయించుకోమంటున్నారు.

నాకూ ఆ లోపం ఉందని తేలింది. పరీక్షకు ముందురోజు పేగు శుభ్రం కావడానికి రెండు లీటర్ల ఉప్పు ఉప్పటి మందుపొడి నీళ్లు తాగడమే ఘోరం. అసలు పరీక్ష మత్తులోనే అరగంటలో అయిపోయింది. దొరికిన పిలకను అప్పుడే తీసేశారు. తమ్ముడికి ఆ అరగంట దొరకలేదు.

మన జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే ముందస్తు పరీక్షలున్నాయి. ఊరందరికీ కొలనోస్కోపీ చేయమని నేననను, అన్ని యంత్రాలూ లేవు, అంతమంది డాక్టర్లూ లేరు. నేను అడిగేది చాలా చిన్నది. పేగు క్యాన్సర్ ఆపరేషన్‌కు ప్రభుత్వం డబ్బు కట్టేటప్పుడు, తీసిన ముక్కకే జన్యువుల్లో తప్పులు దిద్దే నాలుగు ప్రొటీన్లున్నాయో లేదో చూసే పరీక్షను కూడా ప్యాకేజీలో కలపాలి. బ్రిటన్‌లో పేగు క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది చేయాలని 2017లోనే సిఫారసు చేశారు. తేడా కనిపిస్తే రోగికి రక్తపరీక్ష, అందులోనూ తేలితే తోడబుట్టినవాళ్లనూ పిల్లలనూ పిలిపించి అదే పథకం కింద పరీక్షలు. డిశ్చార్జి కాగితంలో ఇన్ని గళ్లున్నాయి, ఇంట్లో ఇంకెవరికి క్యాన్సర్ వచ్చింది, ఏ వయసులో అని ఇంకో గడి పెడితే ఖర్చేమీ లేదు. యాభై ఏళ్ల లోపు వాళ్లకు రక్తం పడితే మొలలేనని తేల్చేముందు లోపల చూడమని ఆరెంపీల దగ్గర్నుంచి అందరికీ చెప్పాలి.

మా అమ్మాయికి 22 ఏళ్లు. దానికీ లోపం ఉంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో మొదటి కొలనోస్కోపీ అయింది, ఏమీ లేదు.

ఈ ఉత్తరం వేసుకుంటే నా పేరు మాత్రం వేయకండి. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం.

– ఒక పాఠకురాలు, తెనాలి