జనవరి డిగ్లీపూర్ బ్యాచ్‌కి: బండి మారింది, ఒక రాత్రి పెరిగింది

డిసెంబరు బ్యాచ్‌కి అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గరి కాలిపూర్ బీచ్‌లో తాబేళ్ళు చూసే రాత్రి ఒకటి పోయింది. ఎందుకు పోయిందో మా పాత కస్టమర్లకు తెలియాలి.

పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి డిగ్లీపూర్ సుమారు 300 కిలోమీటర్లు. దారి జారవా ఆదివాసుల రిజర్వు మీదుగా. జిర్కటాంగ్ గేటు నుంచి బళ్ళన్నీ పోలీసు కాన్వాయ్‌లోనే వెళ్ళాలి. మధ్యలో ఆపకూడదు, ఫొటో తీయకూడదు. మొదటి కాన్వాయ్ పొద్దున్న 6కి, తర్వాతది 9కి. మొదటిది తప్పితే మిడిల్ స్ట్రెయిట్‌లో బళ్ళను దాటించే ఫెర్రీకి క్యూ పెరిగి, డిగ్లీపూర్ చేరేసరికి బాగా పొద్దుపోతుంది.

డిసెంబరులో తెల్లవారుజామున 3 గంటలకు రావాల్సిన టెంపో 5 దాటాక వచ్చింది. గేటులో ఇవ్వాల్సిన ప్రయాణికుల ఫారం కూడా నింపలేదు. "సార్, ఐలాండ్‌లో ఇవన్నీ మామూలే" అన్నాడు బండి ఓనరు. మామూలెలా అవుతుంది? అదే హోటల్ ముందు నుంచి మిగతా బళ్ళు మూడున్నరకే కదిలాయి కదా! అడ్వాన్స్ ఇంకా ఆయన దగ్గరే ఉంది. సగం రేటుకు వస్తానన్నా ఆ బండి ఇక ఎక్కం.

వేరే బండి మాట్లాడాం. అయినా ఒక్క గేటు మీద ట్రిప్పంతా వేలాడకూడదని వెళ్ళేటప్పుడు రంగత్‌లో ఒక రాత్రి కలిపాం. ఖర్చు పెరుగుతుందని చాలా తర్జనభర్జన పడ్డాం. కానీ పక్కనే కత్‌బర్ట్ బే ఉంది, అక్కడా తాబేళ్ళు గుడ్లు పెడతాయి. కాలిపూర్‌కైతే మన ఆర్కే బీచ్‌కి వచ్చే ఆలివ్ రిడ్లీతో పాటు లెదర్‌బ్యాక్, హాక్స్‌బిల్, గ్రీన్ కూడా వస్తాయి. కనబడతాయని మాత్రం ఎవరికీ మాటివ్వం.

కొత్త బుకింగులకు మనిషికి 1,800 రూపాయలు పెరుగుతుంది. డబ్బు కట్టేసినవాళ్ళను పైసా అడగం. డిసెంబరు వాళ్ళకు ఆ రోజు బండి ఖర్చు వెనక్కి వేస్తున్నాం, వద్దనకండి.

ఓడ గురించి అడిగేవాళ్ళకు: విశాఖ నుంచి ఓడ దాదాపు నెలకొకటే, రెండు రోజుల పైమాటే. తేదీలు జరుగుతుంటాయి, సెలవులు దాని కోసం ఆగవు. అందుకే చెన్నై మీదుగా విమానమే.

టార్చ్‌కు ఎర్ర కాగితం చుట్టి తెచ్చుకోండి. తెల్ల వెలుతురు పడితే ఒడ్డెక్కబోయే తాబేలు నీళ్ళలోకి తిరిగిపోతుంది. ఆధార్ ఒరిజినల్ చేతిలో ఉండాలి. ఈసారి గేటు ఫారాలు మేమే నింపుతున్నాం. కార్డులో ఉన్నట్టే పేరు, వయసు శనివారంలోగా వాట్సాప్ చేయండి.